పెద్దింటి పగులు మానలేదు

నమోదు 117

ఉదయం డ్యూటీ. గుండ్లగట్టు మీద రాతి ఇళ్లన్నీ నిలబడే ఉన్నాయి. అద్దాలు తుడిచాను. మేకలు కంచె దూకితే తోలేశాను. ఎండలో ఒళ్లు చల్లబరిచే చలిచొక్కా మళ్లీ మొరాయించింది. నడుం దగ్గర మంచుముద్ద, వీపంతా పొయ్యి. కొత్తది ఇవ్వమని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది.

ఇతర విషయాలు:

ఈ గడికి హద్దు లేదు. ఎంత రాసినా పడుతుంది. బోర్డులో దీన్ని ఎవరూ చదవరని మస్తాన్ మామ అంటాడు. చదివితే నా తిట్లు వాళ్లకు అందుతాయి, చదవకపోతే నా కడుపుబ్బరం తీరుతుంది. రెండూ నాకు లాభమే.

ఇవాళ కన్ను పెద్దింటికి గ్రేడు మార్చింది. "పగులు మానింది. స్థితి: పదిలం."

కన్నంటే పాతరాళ్ల బోర్డు వారి ఎగిరే కెమెరా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గట్టు చుట్టూ తిరిగి, ప్రతి ఇంటినీ చూసి, ఏది గట్టిగా ఉందో ఏది దెబ్బతిందో అదే తేలుస్తుంది. ఇల్లంటే నాలుగు నిలువు బండలు, పైన ఒక కప్పుబండ. ఇనుము లేని రోజుల్లో ఎత్తినవి. పుస్తకాల్లో సమాధులని రాశారు. మా వడ్డెరోళ్లు మాత్రం మొదటోళ్ల ఇళ్లంటారు. మొట్టమొదట బండను లేపినవాళ్లు ఇంకా లోపలే ఉన్నారని.

గట్టు లోపల చెదలున్నాయి. నిజం చెదలు కావు, గని చెదలు. బ్యాటరీల లోహం కోసం కొండను లోపల్నుంచి కొరుక్కుంటూ పోయే యంత్రాలు. పేలుళ్లు లేవు, లారీలు లేవు, పొగ లేదు. నేలకు చెవి ఆనిస్తే ఎవరో దూరాన తిరగలి తిప్పుతున్నట్టుంటుంది, అంతే. "గాయం" అని గ్రేడున్న ఇంటి దరిదాపులకు అవి రాకూడదు. "పదిలం" అయితే సరాసరి ఇంటి కిందికే రావచ్చు. కింది వాలులో చిన్నింటికి పోయిన పున్నమికే "పదిలం" ముద్ర పడింది, ఇప్పుడు దాని కింద కొరుకుతున్నాయి. వచ్చే పున్నమికి బోర్డు పెద్దింటి మీద కూడా ముద్ర వేస్తే, గట్టు నెత్తిదాకా దారి తెరిచినట్టే.

మానిందట! ఒళ్లు మానుతుంది. చెట్టు మానుతుంది. రాయి మానడం ఎక్కడైనా ఉందా?

నమోదు 118

ఉదయం డ్యూటీ. అన్నీ నిలబడే ఉన్నాయి.

ఇతర విషయాలు:

కన్నుకు పొర కమ్మిందేమోనని మస్తాన్ మామను ఉదయమే రప్పించాను. ఆయనది సాయంత్రం డ్యూటీ. కన్ను రెక్కలు విరిగినా గుడ్డు ఊడినా బాగుచేసేది ఆయనే.

"ఏం కోడలా, ముసలోడ్ని నిద్దర్లేపి కొండెక్కిచ్చావు. గుండాగిపోతే మీ అత్తకు ఎవురు జవాబు చెప్తారు?"

"అత్త సంతోషిస్తది. ఆ గుడ్డు విప్పు మామా."

విప్పాడు, తుడిచాడు, మళ్లీ ఎగరేశాడు. అదే మాట. మానింది, పదిలం.

"దీనికి జబ్బేం లేదమ్మాయ్. ఉన్నది చూస్తది, చూసింది చెప్తది. మనుషుల్లాగా కాదు."

అయితే నాకూ కళ్లున్నాయి. నేను బండల్ని ముట్టుకోకూడదు. ఉద్యోగంలో చేరిన రోజున చేతిహక్కు వదులుకుంటున్నానని సంతకం పెట్టించారు. చూసేవాళ్లు వేరు, తాకేవాళ్లు వేరట. ఇళ్లను తాకే హక్కు మా ఆడవాళ్లకుంది, నాకు లేదు. మూడడుగుల ఎడం పాటించాలి. సరే, పాటించాను. ఎడంగా నిలబడి, పాత చీపురుకట్టకు దారం కట్టి, దారానికి గులకరాయి కట్టి వేలాడదీశాను. దారం నిలువుగా ఉంది. పెద్దింటి కుడిబండ నిలువుగా లేదు. మొన్న ఉగాదికి ఇలాగే చూసినప్పుడు దారానికీ బండకూ మధ్య పైనా కిందా చెయ్యి పట్టేంత సందు కనిపించింది. ఇప్పుడు పైన అంతే ఉంది, కింద లేదు.

బండ ఒరిగింది. ఒరిగే బండకు పగులెలా మానుతుంది? ఎవడో అబద్ధమాడుతున్నాడు. ఎవడో నాకు తెలుసు.

నమోదు 121

డ్యూటీ అయ్యాక గని ఆఫీసుకు వెళ్లాను. ఆ గేటు దాటాక చలి కొడుతుంది. మాకు ముక్కలు ముక్కలుగా కుట్టిన చలిచొక్కాలు, వాళ్లకు భవనం మొత్తానికి ఒకటే చలిచొక్కా.

ఇతర విషయాలు:

హిమజ మేడం గని ఇంజనీరు. చెదలకు దారి గీసేది ఆవిడే. వయసులో నాకంటే మహా అయితే అయిదారేళ్లు పెద్ద.

"కూర్చో అంకమ్మా. నీళ్లు తాగు."

"నీళ్లకు రాలేదు మేడం. కన్నును ఏం చేశారో అడగడానికొచ్చాను."

ఆవిడ కోప్పడలేదు. అది నాకింకా కోపం. "కన్ను బోర్డుది. దాని తాళం మా దగ్గర ఉండదు. నేను కూడా మీలాగే రోజూ అది చెప్పేది చదువుకుంటాను."

"బండ ఒరిగింది. నేను చూశాను."

"ఎలా చూశావు?"

చీపురుకట్ట సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, కాగితం మీద బొమ్మ గీసుకుంది. ఆ తర్వాత అంది: "నేను నమ్ముతాను. బోర్డు నమ్మదు. ఒరుగు కొలిచే యంత్రాలు పెడతామని రెండేళ్ల కిందట మేమే అడిగాం. మేకులు కొట్టాలి. మీ పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. ఇక మిగిలింది కన్నే. దానికి కనిపించే పగులు చూపించు, ఆ రోజే చెదల్ని వెనక్కి లాగుతాను. కనిపించనిదాన్ని నేనెక్కడ రాయను?"

మేకులు ఒప్పుకోని మాట నిజమే. మొదటోళ్ల గోడకు ఎవరైనా మేకు కొడతారా?

తిట్టాలని వెళ్లాను, సగం తిట్లు మింగి వచ్చాను. అరగలేదు.

నమోదు 124

అమావాస్య. పూత రోజు.

ఇతర విషయాలు:

ప్రతి అమావాస్యకూ మా ఆడవాళ్లు తలంటుకుని, తెల్లారేసరికి గట్టెక్కి, ఇళ్లకు పూత పెడతారు. బండల్లో ఎక్కడ నెర్రె కనిపిస్తే అక్కడ సున్నం కూరి మూస్తారు. గాయం తెరిచి ఉంటే లోపలివాళ్లకు ఎండ తగులుతుందని. ముందు నడిచేది మా పెద్దమ్మ ఓబులమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. సుత్తి పట్టడం నేర్పిందీ ఆవిడే, నోరు పారేసుకోవడం నేర్పిందీ ఆవిడే.

నేను మూడడుగుల హద్దుకు ఇవతల నిలబడ్డాను. చిన్నప్పుడు ఆ సున్నపు చట్టిలో చేతులు ముంచినదాన్ని. ఇప్పుడు దూరం నుంచి చూడమని జీతమిస్తున్నారు.

పెద్దమ్మ చట్టి కాకుండా ఒక డబ్బా తీసింది. బూడిదరంగు ముద్ద. బొటనవేలితో నెర్రెలోకి కూరి, పైన నున్నగా రుద్దింది. చెయ్యి తీయగానే నెర్రె మాయం. బండ రంగు, బండ గరుకు. అప్పుడే పుట్టిన బండలా ఉంది.

"పెద్దమ్మా, ఏందది?"

"కంపెనీ సున్నం. ఆ హిమజమ్మ తెచ్చిచ్చింది. పోయిన అమావాస్యకు నువ్వు లేనప్పుడు గూడా ఇదే పెట్టాం. మా చేతులు బొబ్బలెక్కడం చూసి, పూసుకోడానికి మందు కూడా ఇచ్చింది. మంచిదే ఆ పిల్ల. సున్నం ఉడకబెట్టే పన్లా, నానబెట్టే పన్లా. ఒకసారి పెడితే ఇంక పగలదు."

పగలదు!

పాత సున్నం తెల్లగా ఉండేది. నాలుగు రోజులకే నెర్రె వెంట పగిలేది, కన్నుకు కనిపించేది. ఇది రబ్బరులా సాగుతుంది. లోపల బండ చీలుతూనే ఉంటుంది, పైన తోలు సాగుతూ ఉంటుంది. కన్ను అబద్ధమాడలేదు. ఉన్నది చూసింది, చూసింది చెప్పింది.

మానిందని చెప్పించింది కంపెనీ కాదు, మా పెద్దమ్మ బొటనవేలు.

నమోదు 125

ఇతర విషయాలు:

పొద్దునే పెద్దమ్మతో పోట్లాట. అంబలి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఆ సున్నం గోకెయ్యాల పెద్దమ్మా. ఇక ఏ సున్నమూ పెట్టొద్దు. పగుళ్లు తెరిచే ఉండాల. కన్నుకు కనబడాల."

"తెరిచే ఉండాల్నా? చిన్నప్పుడు నీ మోకాలు చీరుకుపోతే గుడ్డ కట్టానా, ఊరంతా తిప్పి చూపిచ్చానా?"

"అది యేరే."

"ఏంది యేరే? పొద్దెక్కితే చొక్కాలేసుకున్న మనమే బయట నిలబళ్లేం. వాళ్లకేం ఉందే? నాలుగు బండలు, ఒక కప్పు. ఆ సందులోనుంచి ఎండ పోతా ఉంటే నేను చూస్తా కూచోవాల్నా?"

"కప్పు కూలితే ఎండంతా లోపలే గదా పెద్దమ్మా!"

"ఇన్నేళ్లు కూలనిది నీ నౌకరీ వొచ్చాక కూల్తదా? సంతకం పెట్టినప్పుడే అనుకున్నా, ఇది బోర్డు మనిషైపోయిందని. నీ చెయ్యి నువ్వు తీసేసుకున్నావు. ఇప్పుడు మా చేతులు గూడా తీసెయ్యమంటన్నావు."

ఆ మాట నాకు తగిలింది. తగలాలనే అంది. నేనూ అన్నాను, ఇక్కడ రాయలేనివి. అంబలి తాగకుండా గట్టెక్కాను. ఆకలికి కోపం తోడైతే గట్టు తొందరగా ఎక్కొచ్చు.

పున్నమికి ఇంకా రోజులున్నాయి. అంతవరకు ఇళ్లు నిలబడతాయో లేదో.

నమోదు 129

చిన్నిల్లు కూలింది.

ఇతర విషయాలు:

పొద్దు ఇంకా పూర్తిగా పైకి రాలేదు. కింది వాలులో నీళ్ల డబ్బాలు దించుతున్నాను. చప్పుడు పెద్దగా రాలేదు. పెద్ద మనిషి మంచం మీద కూలబడినట్టు ఒక మూలుగు, అంతే. తిరిగి చూస్తే కప్పుబండ నేల మీద ఉంది. మేక ఒకటి భయపడి నా కాళ్ల మధ్య దూరింది. మనుషులెవరికీ ఏం కాలేదు.

పెద్దమ్మకు కబురు పెట్టాను. ఆ పోట్లాట నుంచి మాటల్లేవు మా మధ్య. అయినా వచ్చింది, చెప్పులు కూడా వేసుకోకుండా. నిలువుబండ నిలువునా రెండు ముక్కలైంది. ఆ రెండు ముక్కల మధ్య కంపెనీ సున్నం తెగలేదు. పాల మీద మీగడలా సాగి, వేలాడుతోంది.

పెద్దమ్మ ఏడవలేదు. ఆ పొరను రెండు వేళ్లతో పట్టుకుంది. లాగింది. సాగింది. వదిలింది. వెనక్కి ముడుచుకుంది.

"ఇది సున్నం కాదే" అంది. "తోలు."

నేను చెప్పలేదా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి ఆగాను.

"సున్నమంటే పగలాల. మా అత్త పూతకొస్తే ముందు పాత పూత చూసేది. పగలకపోతే దణ్ణం పెట్టి ఎల్లిపొయ్యేది. పగిల్తే అక్కడే కూచోని అడిగేది, ఎవురు కదిలిచ్చార్రా మిమ్మల్ని అని. ఆ గట్టు పక్కన రాయి కొట్టడం ఆపిచ్చిందే ఆమె. పగిలితేనే గదా మనకు తెలిసేది. ఇది పగలకుండా నోరు మూసింది. వాళ్ల నోరూ మూసింది, నా నోరూ మూసింది."

హిమజ మేడం కూడా వచ్చింది. ఆ పొరను చూసింది. "నేను చేతుల కోసమే ఇచ్చాను ఓబులమ్మ గారూ" అంది.

"తెలుసులేమ్మా" అంది పెద్దమ్మ. నేనైతే అంతటితో వదిలేదాన్ని కాదు.

సాయంత్రం కన్ను చిన్నింటిని చూసింది. బోర్డు నుంచి తీర్పు వచ్చింది: శిథిలం. జాబితా నుంచి తొలగించబడినది. కూలినదానికి గ్రేడు ఉండదు. గ్రేడు లేనిదానికి దూరం పాటించక్కర్లేదు. అంటే కూల్చినవాడికి ఇంకాస్త దారి దొరికినట్టు. ఈ రూలు రాసినవాడు నాకు ఒక్కసారి కనిపిస్తే చాలు.

నమోదు 130

ఇతర విషయాలు:

పొద్దున పెద్దమ్మ వాకిట్లో సున్నం ఉడుకుతోంది. పాత పద్ధతి. బుడగలు పగులుతూ ఆవిరి. కరక్కాయ నీళ్లు లేవు, బెల్లం లేదు, జనప పీచు లేదు. సున్నానికి పట్టునిచ్చేవన్నీ తీసి పక్కన పెట్టింది.

"ఇంత పెళుసుగా చేస్తే నిలవదు పెద్దమ్మా."

"నిలవకూడదు. ఎండ పోకుండా కప్పినట్టూ ఉండాల, బండ కదిలితే పగిలినట్టూ ఉండాల. గుడ్డుపెంకంత పల్చగా పెడతా. మీద జాజుతో అడ్డంగా గీత గీస్తా. ఎర్రగీత తెగితే నీ కన్ను గుడ్డిదైనా చూస్తది."

జాజంటే గడపలకు పెట్టే ఎర్రమట్టి. పల్చటి తెల్లపూత మీద ఎర్రగీత. గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది.

ముందు డబ్బా సున్నం గోకాలి. అదంత తేలిక కాదు. మిగతా ఆడవాళ్లు ఎదురు తిరిగారు. పూత గోకడం మా వంశంలో ఉందా, అమావాస్య కాని రోజు గట్టెక్కడం ఉందా అని. పెద్దమ్మ ఒకటే అంది: "ఇంట్లో పిల్లకు జొరమొస్తే అమావాస్య దాకా ఆగి చెయ్యి పట్టుకుంటారటే?"

ఎక్కారు. సణుగుతూనే ఎక్కారు. కొడవలి మొనతో, కొబ్బరిపీచుతో తోలు మొత్తం ఊడబీకారు. పెద్దింటి కుడిబండ మీద తోలు ఊడగానే నా చిటికెనవేలు పట్టేంత సందు. పెద్దమ్మ ఆ సందుకు అరచెయ్యి అడ్డం పెట్టి, పూత కలిపేదాకా తీయలేదు. ఎండకు అడ్డం.

నమోదు 131

ఇతర విషయాలు:

మళ్లీ పోట్లాట. నేను నోరు మూసుకుని ఉండే మనిషిని కాను.

పెద్దమ్మ దెబ్బతిన్న ఇళ్లకే కాదు, పగుళ్లే లేని ఇళ్లకు కూడా, అవతలి వాలులో చెదలు పోని చోట ఉన్నవాటికి కూడా పల్చపూత పెట్టి ఎర్రగీతలు గీస్తోంది.

"సున్నం యాడిది పెద్దమ్మా? ఉన్నదంతా గట్టి బండల మీదే అయిపోతంది. పెద్దింటికి రోజూ కావాల."

"ఇంటికీ ఇంటికీ తేడా చూపకూడదు. ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే వాళ్లలో వాళ్లకు తగువులు."

"చచ్చి ఇన్నేళ్లయినోళ్లకు తగువులేంది?"

"నువ్వు చచ్చినా తగువు పెట్టుకుంటావు, నాకు తెలుసు. గిన్నె అందియ్యి."

అందించాను. గిన్నె ముట్టుకోవద్దని నా సంతకంలో లేదు.

ఇప్పుడు రోజూ ఇదే. తెల్లవారుతుండగా ఎక్కడం, తెగిన గీతలు నేను చూసి చెప్పడం, వాళ్లు కొత్తవి గీయడం, ఎండ ముదరకముందే దిగడం. పెద్దింటి కుడిబండ మీద గీత రోజూ తెగుతోంది. మస్తాన్ మామ కన్నును పక్కన దింపి, చూసి, తల ఊపాడు.

"మీ పెద్దమ్మను బోర్డులో చేర్చుకుంటే మన ఉద్యోగాలు పోతయ్ కోడలా."

"నీది పోద్ది. నాది పోదు."

నమోదు 139

పున్నమి. ముద్ర రోజు.

ఇతర విషయాలు:

గట్టు కింద రేకుల షెడ్డులో తెర పెట్టారు. తెర మీద బోర్డు మనిషి, చల్లటి గదిలో, నిద్రమొహంతో. ఇవతల కంపెనీ తరఫున హిమజ మేడం. ఇంకో పక్క నేను, మస్తాన్ మామ, వెనకాల పెద్దమ్మ, ఆడవాళ్లు.

కన్ను తీసిన బొమ్మలు తెర మీదకొచ్చాయి. పెద్దింటి కుడిబండ: ఎర్రగీత తెగింది, మర్నాడు తెగింది, ఆ మర్నాడూ. ఎడమబండ: తెగింది. కప్పుబండ కింద: తెగింది.

బోర్డు మనిషి అడిగాడు: "కంపెనీ అభ్యంతరం ఏమైనా ఉందా?"

హిమజ మేడం లేచింది. నా వైపు చూడలేదు. "ఒకటి అడగాలి సార్. పగిలింది పూత. బండ పగిలిందని ఎలా అంటాం? ఇంత పెళుసు సున్నం ఎండకే పగలొచ్చు."

వెనక ఆడవాళ్లు గొణిగారు. నేను లేవబోయాను. మస్తాన్ మామ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆయన లేచాడు.

"అయ్యా, అవతలి వాలు ఇళ్లు కూడా చూడండి. అదే చట్టి, అదే సున్నం, అదే ముసలామె చెయ్యి, అదే ఎండ. కింద చెదలు లేవు."

వేలు కదిపాడు. బొమ్మలు ఒకటొకటిగా వచ్చాయి. ఎర్రగీత. నిండుగా. ఇంకో ఇల్లు, ఎర్రగీత, నిండుగా. ఇంకోటి. గట్టి బండల మీద ఒక్క గీత తెగలేదు.

ఇంటికీ ఇంటికీ తేడా చూపకూడదని పెద్దమ్మ అన్నప్పుడు సున్నం దండగని తిట్టింది నేనే. ఆ దండగే ఇప్పుడు సాక్ష్యం చెబుతోంది. నేను చెప్పినట్టు విని ఉంటే ఈ షెడ్డులో మా చేతిలో ఏమీ ఉండేది కాదు.

"కంపెనీకి అభ్యంతరం లేదు" అంది హిమజ మేడం. కూర్చుంటూ మొదటిసారి నా వైపు చూసింది. ఆ ప్రశ్న ఆవిడ అడగకపోతే రేపు ఇంకెవడో అడిగేవాడని నాకప్పుడు తట్టింది. అడిగించుకుని జవాబిచ్చాం. ఇక దాన్ని ఎవడూ కదిలించలేడు.

ముద్ర పడింది. గుండ్లగట్టు ఇవతలి వాలు మొత్తం: గాయం.

పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "గాయమంటే మంచిదా చెడ్డదా?"

"మనకు మంచిది."

"ఏం బోర్డే ఇది" అంది.

నమోదు 141

చెదలు బయటికొచ్చాయి.

ఇతర విషయాలు:

గట్టు అడుగున గని నోటి దగ్గర ఊరంతా చేరింది. ఇన్నేళ్లుగా వాటి చప్పుడే తప్ప ఎవరూ చూడలేదు. బారులు బారులుగా, దుమ్ము పట్టి, ఒకదాని వెనక ఒకటి. ఒక్కోటి అరచేతిలో పట్టేంత.

"ఇంతేనా?" అంది పెద్దమ్మ. "ఇంత బుడ్డయ్యా ఇంత పని చేసింది?"

వంగి ఒకదాన్ని ఎత్తింది. ఎవరూ ఆపలేదు. అది గాల్లో కాళ్లాడిస్తూ, ఆవిడ గోటికంటిన సున్నాన్ని కొరకబోయింది.

"పనోడే పాపం. ఎటు పొమ్మంటే అటు పోతది. దీన్ని తిట్టి ఏం లాభం?" దాన్ని తిప్పి చూసింది, కడుపు కింద, నోటి కింద. తర్వాత హిమజ మేడంను అడిగింది: "ఏమ్మా, చెద అంటే తినడమే కాదు గదా. పుట్ట గూడా కట్టాల. ఇయి కడతయ్యా?"

హిమజ మేడం కూడా ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. "కట్టగలవు" అంది. "తవ్విన మట్టిని మళ్లీ లోపలికి మోసి, తడిపి, గట్టిగా కూరగలవు. దాంతో కంపెనీకి ఒరిగేదేమీ లేదు. అందుకని ఎవరూ చెప్పలేదు వాటికి."

అక్కడ నేను అందుకున్నాను. బోర్డు నియమాలు నాకు ఎవరూ నేర్పలేదు. నా అంతట నేను, మాటకు మాట అర్థం వెతుక్కుంటూ చదివాను. "గాయం" పడితే కంపెనీ తగిన మరమ్మతు చేసి తీరాలని అందులో ఉంది. ఇన్నాళ్లూ ఆ మరమ్మతంటే డబ్బా సున్నమే అనుకున్నారు అందరూ. పైన అతుకేసి చేతులు దులుపుకోవడం.

"చెదలు వెళ్లిపోతే సరిపోదు మేడం. కింద బొక్క అలాగే ఉంది. బండలు ఇవాళ కాకపోతే రేపు కుంగుతాయి. తిన్నదంతా కక్కించాలి. అదీ మరమ్మతు. రాసుకోండి, లేదా నేనే రాసి బోర్డుకు పంపుతాను. ఎవరు రాసినా మాట ఇదే."

"నేనే రాస్తాను" అందావిడ. "నేను రాస్తే కంపెనీ కాదనడం కష్టం." రాసింది, నా ముందే. ఏం రాసిందో చదివి వినిపించమన్నాను. వినిపించింది. రెండు చోట్ల మార్పించాను.

చిన్నిల్లు మాత్రం తిరిగి రాదు. దాన్ని జాబితాలో మళ్లీ చేర్చమని కూడా ఆ కాగితంలోనే పెట్టించాను. కూలినదానికి కూడా దూరం ఉండాలని. దానికింకా జవాబు రాలేదు. వచ్చేదాకా అడుగుతాను.

నమోదు 166

ఉదయం డ్యూటీ. ఇళ్లు పద్దెనిమిది, అన్నీ నిలబడే ఉన్నాయి. కొత్త చలిచొక్కా వచ్చింది. భుజాల దగ్గర బిగుతు.

ఇతర విషయాలు:

చెదలు మట్టి మోయడం మొదలుపెట్టాక కూడా పెద్దింటి గీత తెగుతూనే వచ్చింది. మొదట రోజూ. తర్వాత రోజు విడిచి రోజు. వెంట్రుకవాసిగా. ఆడవాళ్లు రోజూ ఎక్కారు, సణగడం మానలేదు.

ఇవాళ ఎక్కేసరికి నేల కింద తిరగలి చప్పుడు మామూలుగానే వినిపిస్తోంది. అదే చప్పుడు. చెవికి తేడా తెలియదు, తింటున్నాయో కడుతున్నాయో. ఆడవాళ్లు నా వెనక ఆగారు. చూసి చెప్పడం నా పని కాబట్టి నేను మూడడుగుల ఎడంలో మోకాళ్ల మీద కూర్చుని, కుడిబండ మీద ఎర్రగీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. నమ్మకం చాలక మళ్లీ చూశాను.

"తెగలేదు" అన్నాను.

పెద్దమ్మ వచ్చి, మొహం బండకు దగ్గరగా పెట్టి, తన కళ్లతో చూసుకుంది. నా మాట మీద ఆవిడకు ఎప్పుడూ అంత నమ్మకం లేదు. తర్వాత లేచి, దణ్ణం పెట్టి, కొంగు దోపుకుంది.

"పగలని పూత మీద పూత పెట్టకూడదు. పదండి, ఎండెక్కతంది."

సున్నం చట్టి అంచుల దాకా నిండుగా ఉంది. దిగేటప్పుడు బరువు. నేనే నెత్తిన పెట్టుకుని మోశాను.